పెట్రోలు వాసన వస్తే పడవ కదలకూడదు

మోటారు సైకిలు ట్యాంకు నుంచి నాలుగు చుక్కలు కారితే నేల మీద పడి గాలికి ఆరిపోతాయి. ఆ నాలుగు చుక్కలే పడవలో పడితే పోవడానికి దారి లేదు. బయటి నీరు లోపలికి రాకుండా కట్టిన గోడలే లోపలి ఆవిరిని బయటికి పోనివ్వవు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేవదు. నీళ్లలాగే పల్లం వెతుక్కుంటూ జారి, అడుగు పలకల కింద, సీటు కింది పెట్టెలో, బ్యాటరీ పెట్టిన మూలలో చేరి కూర్చుంటుంది. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు.

ఫైబర్ తెప్పకు అవుట్‌బోర్డ్ మోటారు బిగించి వేటకు పోయేవాళ్లు, జలాశయాల్లోనూ బీచిల్లోనూ స్పీడ్‌బోటు నడిపే డ్రైవర్లు, వరదల్లో రబ్బరు పడవలు దించే సహాయ సిబ్బంది, ఈ ఇంజన్లు విప్పి బిగించే మెకానిక్కులు దీన్ని చదవాలని నా కోరిక. వీళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది: "పెట్రోలు బోటన్నాక వాసన రాదా?" రాకూడదు. పోసేటప్పుడు వస్తుంది. పోసి, మూత బిగించి, తుడిచాక కాసేపటికి పోవాలి. ఆ తర్వాత కూడా వస్తోందంటే ఎక్కడో కారుతోందనే లెక్క.

డీజిలు ధీమా ఇక్కడ చెల్లదు

మన తీరంలో పెద్ద మరబోట్లు డీజిలువి. వాటి మీద పని నేర్చుకున్న కలాసీ రేపు పెట్రోలు మోటారు ఉన్న చిన్న పడవ ఎక్కుతాడు. ఇంజను పక్కనే బీడీ కాల్చిన అలవాటు కూడా వెంట తెచ్చుకుంటాడు. డీజిలు, కిరోసిను కనీసం 35 డిగ్రీల దాకా వేడెక్కితే గాని నిప్పు తగిలినప్పుడు భగ్గుమనేంత ఆవిరిని వదలవు. పెట్రోలుకు ఆ హద్దు సున్నాకు 40 డిగ్రీల దిగువన ఉంది. అంటే పుష్యమాసపు తెల్లవారుజామున చలికి వణుకుతున్నప్పుడు కూడా అది అంటుకోవడానికి సిద్ధమే. (మే నెల మిట్టమధ్యాహ్నం 35 డిగ్రీలు డీజిలుకూ పెద్ద దూరం కాదు, అది వేరే సంగతి.) కిరోసిను మోటారు ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా ఉండటానికి లేదు. చాలా మోటార్లను ముందు పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసినుకు మారుస్తారు. ఆ చిన్న పెట్రోలు డబ్బాను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం దాకా ఉంటే ఆ గాలి అంటుకుంటుంది. ఒక్క గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల పెట్రోలు పూర్తిగా ఆవిరైతే దాదాపు 40 లీటర్ల ఆవిరి అవుతుంది. రెండున్నర వేల లీటర్లకు పైగా గాలిని పేలేలా చేయడానికి అది సరిపోతుంది. చిన్న పడవలో మూసి ఉన్న అరలన్నీ కలిపినా సాధారణంగా అంత చోటు ఉండదు.

ముక్కు సంగతి కూడా చెప్పాలి. పది లక్షల వంతుల గాలిలో ఒక వంతు పెట్రోలు లేకముందే మనిషి ముక్కు పసిగట్టగలదు. అంటుకోవాలంటే పద్నాలుగు వేల వంతులు ఉండాలి. కాబట్టి వాసన తగిలిన మరుక్షణం పేలిపోతుందని భయపడక్కర్లేదు. అయితే మీ ముక్కు ఉన్నది పైన, ఆవిరి పోగుపడేది పాదాల కింద. పైన లీలగా తగిలింది అడుగున ఎంత చిక్కగా ఉందో నిలబడి చెప్పలేం. పలక ఎత్తి, వంగి చూడాలి. పైగా ఒకే వాసనలో కొద్ది నిమిషాలుంటే ముక్కు దానికి అలవాటుపడి చెప్పడం మానేస్తుంది. పొద్దున్నుంచీ పడవలో ఉన్న మనిషి "ఏ వాసనా లేదు" అంటే ఆ మాటకు విలువ లేదు. ఒడ్డున ఉన్న ఇంకొకరిని పిలిచి వాసన చూడమనండి. మూసిన ఇంజను గది ఉన్న బోట్లకు ఆవిరిని పట్టే అలారం దొరుకుతుంది. దాని సెన్సారు అడుగున బిగించాలి, పైకప్పుకు కాదు.

వాసన తగిలింది, ఇప్పుడేం చేయాలి

ఇంజను స్టార్ట్ చేయకండి. నడుస్తుంటే ఆపండి. మనుషుల్ని గాలి వచ్చే వైపుకు, ట్యాంకుకు దూరంగా జరపండి. పడవ కొట్టుకుపోకుండా లంగరు వేయండి. మోటారు దగ్గర పెట్రోలు పైపు ఊడదీయండి. బీడీ, స్టవ్వు, దీపం అన్నీ ఆపాలని వేరే చెప్పక్కర్లేదు. కానీ చాలామంది మరిచేది స్విచ్చి. లైటు, హారను, వైర్‌లెస్ సెట్టు, పంపు, దేనినీ వేయకండి, తీయకండి. ప్రతి స్విచ్చీ లోపల చిన్న నిప్పురవ్వ పుట్టిస్తుంది. బ్యాటరీ విడిగా, ఎత్తులో, గాలి తగిలే చోట ఉంటే దాని వైరు తీయొచ్చు. వాసన వచ్చే అరలోనే ఉంటే ముట్టుకోకండి. ముందు అక్కడికి గాలి ఆడనివ్వండి.

తర్వాత పలకలు, మూతలు అన్నీ తెరిచి, పడవ ముక్కును గాలికి ఎదురుగా తిప్పి ఆగండి. అడుగున పెట్రోలు కనిపిస్తే నీళ్లు తోడే కరెంటు పంపు జోలికి పోవద్దు. ఆ పంపు పెట్రోలును నదిలోకో సముద్రంలోకో పోస్తుంది, దాని కన్నా ముందు పడవనే కాల్చవచ్చు. నీటి మట్టం పెరగగానే దానంతటదే తిరిగే పంపు ఉన్న బోట్లలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాత నూలు బట్టలతోనో స్పాంజితోనో అద్ది, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి ఒడ్డుకు చేర్చండి. నీళ్ల మీద పెట్రోలు తేలుతుంది గనుక పైపైన అద్దితే చాలావరకు వచ్చేస్తుంది. సబ్బు పొడి చల్లి కడిగి నీళ్లలోకి వదిలేస్తే మెరుపు పోతుందే గాని పెట్రోలు పోదు.

ఇంజను లోపల గదిలో ఉండే స్పీడ్‌బోట్లకు గాలి లాగే ఫ్యాను ఉంటుంది. స్టార్ట్ చేసే ముందు దాన్ని నాలుగు నిమిషాలు తిప్పాలని అమెరికా తీర రక్షక దళం నియమం. ఇది మన డ్రైవర్లకూ వర్తించాల్సిన మాట. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య టికెట్ల వరుస ఎంత పొడుగ్గా ఉన్నా ఆ నాలుగు నిమిషాలు ఎవరికీ ఇవ్వకండి. అయితే వాసన గట్టిగా వస్తున్నప్పుడు ఆ ఫ్యాను కూడా వేయకూడదు. ముందు మూతలు తెరిచి, కారేది ఆపి, తుడిచి, ఆ తర్వాతే ఫ్యాను.

ఎక్కడి నుంచి వస్తోంది?

అందరూ ముందు ట్యాంకును అనుమానిస్తారు. నేనైతే పైపుతో మొదలుపెడతాను. ట్యాంకు నుంచి మోటారుకు వెళ్లే రబ్బరు పైపు ఎండకు, ఉప్పుకు, పెట్రోలుకు మూడింటికీ నలుగుతుంది. పైకి చుక్క కనిపించకుండానే దాని గోడల్లోంచి ఆవిరి బయటికి వస్తుంది. దీనికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. శుభ్రమైన బట్ట ముక్కతో పైపును ఈ చివర నుంచి ఆ చివర దాకా గట్టిగా రుద్ది, ఆ బట్టను పడవకు దూరంగా తీసుకుపోయి వాసన చూడండి. బట్టకు పెట్రోలు వాసన అంటితే ఆ పైపు పని అయిపోయింది. వంచితే పగుళ్లు కనిపించినా, నొక్కితే జిగటగా మెత్తగా తగిలినా అంతే.

ఈ సమస్య ఇప్పుడు ఎక్కువ కావడానికి ఒక కారణం ఉంది. మన బంకుల్లో పెట్రోలులో ఇథనాలు వాటా 20 శాతానికి చేరింది. చాలా అవుట్‌బోర్డ్ కంపెనీల మాన్యువళ్లు 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. ఇథనాలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ మన తీరంలో కొదవ లేనిది. నీరు ఎక్కువైతే ఇథనాలు, నీరు కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి, మోటారు మొరాయిస్తుంది. కాబట్టి పాత పైపు మీద ఆశ వదులుకోండి. స్కూటరు దుకాణంలో దొరికే మీటరు పైపు గాని, మొక్కలకు నీళ్లు పెట్టే పారదర్శకపు పైపు గాని తగిలించకండి. పెట్రోలు కోసం, ఇథనాలును తట్టుకునేలా చేసిన మెరైన్ పైపే కొనండి. ట్యాంకు పడవలోనే బిగించి ఉంటే పైపు మీద ఐఎస్ఓ 7840 అన్న ముద్ర ఉందో లేదో చూడండి. అది నిప్పును కొంతసేపు తట్టుకునే రకం. వేట లేని రోజుల్లో నెలల తరబడి పెట్రోలు ట్యాంకులో ఉంచకపోవడం కూడా ఇందులో భాగమే.

పైపు తర్వాత చేత్తో నొక్కే రబ్బరు బల్బు, రెండు చివరలా ఉండే కనెక్టర్లు, వాటిలోని ఓరింగులు చూడాలి. బల్బును గట్టిపడేదాకా నొక్కి వదలండి. మోటారు నడపకుండానే అది కాసేపట్లో మెత్తబడితే పెట్రోలు ఎక్కడికో పోతోందని అర్థం. జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాసి చూస్తే బుడగలో, తడో కనిపిస్తుంది. ఓరింగు అరిగితే దారం చుట్టడం, ఎంసీల్ పూయడం మన మెకానిక్కుల అలవాటు. పెట్రోలు దగ్గర ఆ రెండూ వద్దు. మోటారు మూత కింద వాసన ఎక్కువగా ఉంటే కార్బొరేటర్‌లో సూది ఇరుక్కుని పొంగుతూ ఉండొచ్చు.

ట్యాంకు మూత మీద ఉండే చిన్న గాలి స్క్రూ సంగతి చాలామందికి తెలిసినా పాటించరు. మోటారు నడిచేటప్పుడు అది తెరిచి ఉండాలి, లేకపోతే పెట్రోలు లాగలేక మోటారు ఆగిపోతుంది. ఆపాక, మోసుకెళ్లేటప్పుడు, దాచిపెట్టేటప్పుడు బిగించాలి. తెరిచి వదిలేస్తే ఎండకు ట్యాంకు ఊపిరి వదులుతూనే ఉంటుంది. బిగించి ఎండలో పెడితే ఉబ్బుతుంది, అందుకే నీడ కావాలి. ఉబ్బిన ట్యాంకు మూతను ఒక్కసారిగా తిప్పకండి. గుడ్డ కప్పి నెమ్మదిగా వదులు చేయండి.

పడవలోనే బిగించిన ట్యాంకులకు పెట్రోలు పోసే లావు పైపు, గాలి బయటికి పోయే సన్నపైపు వేరుగా ఉంటాయి. ట్యాంకు నిండుగా పోసినప్పుడు మాత్రమే వాసన వస్తుంటే తప్పు ఈ రెండింటిలో ఒకదానిదో, మీటరు బిగించిన చోట వాషరుదో అయి ఉంటుంది. గాలి పైపు చివర పడవ బయటికే తెరుచుకోవాలి. ఇక ఇనుప ట్యాంకులు అడుగునే తుప్పు పడతాయి. ఉప్పు తడి, ఇసుక కలిసి ట్యాంకు అడుగును అరగదీస్తాయి. ఎత్తి చూడకుండా తెలియదు.

పోసేటప్పుడు

చేత్తో ఎత్తగల ట్యాంకును పడవలో ఉంచి నింపకండి. ఒడ్డుకు దించి, నేల మీద పెట్టి నింపండి. ఆటో వెనకాల రబ్బరు మ్యాటు మీదో, ప్లాస్టిక్ పరుపు మీదో ఉన్న డబ్బాలో పోస్తే, పోసేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు నేలలోకి పోవడానికి దారి ఉండదు, అదే నిప్పురవ్వ కావచ్చు. బంకు గన్ను ముక్కు ట్యాంకు నోటికి ఆనించే ఉంచాలి. మెడ దాకా నింపకండి. 25 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు అర లీటరు పెరుగుతుంది. ఆ అర లీటరుకు చోటు లేకపోతే అది పడవలోకే వస్తుంది. టూ స్ట్రోకు మోటారుకు ఆయిలు బకెట్లో కలిపే అలవాటు మానాలి. 50కి 1 పాళ్లయితే 25 లీటర్లకు అర లీటరు ఆయిలు. ముందు కొంచెం పెట్రోలు, ఆయిలు ట్యాంకులోనే పోసి, మూత బిగించి, కుదిపి, మిగతాది పోయండి.

చట్టం మాట కూడా చెవిన వేసుకోండి. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలును లైసెన్సు లేకుండా 30 లీటర్ల వరకే ఉంచుకోవచ్చు. అదీ మూత గట్టిగా బిగించిన, 25 లీటర్లకు మించని లోహపు డబ్బాల్లో, లేదా లీటరుకు మించని గాజు, పింగాణీ సీసాల్లో. మంచినీళ్ల ప్లాస్టిక్ క్యానుకు అందులో చోటు లేదు.

దొంగల భయంతో మోటారు, ట్యాంకు ఇంటికి మోసుకుపోవడం మత్స్యకార గ్రామాల్లో మామూలే. కానీ ట్యాంకును వంట చోటుకు ఆనుకున్న వరండాలో పెట్టకండి. ఆవిరి నేల మీద పాకుతూ పొయ్యి దాకా పోగలదు. గాలి స్క్రూ బిగించి, పైపు ఊడదీసి, మనుషులు పడుకోని విడి పాకలో పెట్టండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు వీధుల్లో పడవలు తిరగడం అందరం చూశాం. అలాంటి రోజుల్లో సహాయ సిబ్బంది చేయాల్సిన ఎంపిక కష్టమైనది. పెట్రోలు అయిపోతే ఆగిపోతామని అదనపు డబ్బా వెంట పెట్టుకుంటారు, దాని పక్కనే తడిసిన పిల్లల్ని కూర్చోబెడతారు. డబ్బా తప్పనిసరైతే వెనకవైపు కట్టేసి, మనుషులు ముందు ఉండాలి. జనం దిగాకే, మోటారు చల్లారాకే పోయాలి.

ఒంటికి

తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తుగా ఉండటం ఆవిరి ఎక్కువగా పీల్చారనడానికి గుర్తులు. గాలిలోకి తీసుకురండి. తగ్గకపోతే ఆసుపత్రికి. ముఖానికి గుడ్డ కట్టినా, ఎన్95 మాస్కు పెట్టినా ధూళి ఆగుతుంది గాని పెట్రోలు ఆవిరి ఆగదు. దానికి బొగ్గు నింపిన కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. అది కూడా మీ ఊపిరితిత్తుల్ని కొంత కాపాడుతుందే తప్ప పేలుడును ఆపదు.

నోటితో పైపు లాగి పెట్రోలు తీయడం మానండి. దీనికి ఇంకో మాట లేదు. మింగిన పెట్రోలు కన్నా ఊపిరితిత్తుల్లోకి జారిన చుక్కలు ప్రమాదం, న్యుమోనియా లాంటి జబ్బు తెస్తాయి. పొరపాటున మింగితే వాంతి చేయించకండి. వాంతితో అది మళ్లీ ఊపిరి దారి పడుతుంది. చేతి పంపు కొనుక్కుంటే సరిపోయేదానికి ఇంత అవసరమా?

మెకానిక్కులు పెట్రోలుతో చేతులు కడుక్కోవడం, స్పేర్లు కడగడం కూడా అంతే. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది, మన ప్రమాణాల ప్రకారం 1 శాతం దాకా. అది క్యాన్సరు కారకమని ఎప్పుడో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2025లో పెట్రోలును కూడా మనుషుల్లో క్యాన్సరు తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. చేతులకు సబ్బు చాలు. ఒంటి మీద పెట్రోలు పడితే బట్టలను నీళ్లతో తడిపి, ఆ తర్వాత విప్పండి.

ఖాళీ ట్యాంకుకు వెల్డింగు

పడవల మరమ్మతులో నాకు అన్నిటికన్నా భయం కలిగించే పని ఇది. "పెట్రోలంతా తీసేశాం, ఖాళీ ట్యాంకే" అని వెల్డరు దగ్గరికి తీసుకుపోతారు. నిండు ట్యాంకులో గాలికి చోటుండదు. ఖాళీ ట్యాంకులో అడుగు తడి, దానిపై ఆవిరి, కావలసినంత గాలి ఉంటాయి. పేలడానికి కావలసిన పాళ్లు కుదిరేది అందులోనే. ఒకసారి నీళ్లతో కడిగితే పోదు, అతుకుల్లో, తుప్పు పొరల్లో దాక్కున్న పెట్రోలు వేడి తగలగానే మళ్లీ ఆవిరవుతుంది. ఆవిరి పట్టి కడిగి, జడవాయువు నింపి, మీటరుతో కొలిచి వెల్డింగు చేసే పద్ధతులున్నాయి, కానీ అవి రోడ్డు పక్క షెడ్డులో జరిగేవి కావు. చిన్న పడవ ట్యాంకు కారితే మార్చేయండి. కారే చోటు తెలుసుకోవడానికి పంక్చర్ షాపు కంప్రెసరు గాలి కూడా పెట్టకండి. ఆ ఒత్తిడికి అతుకులు విచ్చుకుంటాయి.

పొదుపు కోసం జరిగే ఇంకో పని, ఇంజను గదిలో పాడైన మెరైన్ స్టార్టరు, ఆల్టర్నేటరు తీసేసి పాత కారు సామాను బిగించడం. చూడటానికి రెండూ ఒకటే. బోటుకు చేసిన దానిలో నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా కప్పి ఉంటుంది, కారుదానికి అది ఉండదు.

అంటుకుంటే

పెట్రోలు మంట మీద నీళ్లు పోయకండి, మంట నీళ్లతో పాటు పరుచుకుంటుంది. పొడి చల్లి ఆర్పే సిలిండరు గాని, నురగ సిలిండరు గాని వాడాలి. అది ట్యాంకు పక్కన కాకుండా డ్రైవరు చేతికి అందే చోట ఉండాలి. మోటారు ఆపి, వీలైతే పైపు ఊడదీసి, మంట మీ ముఖం వైపు రాకుండా పడవను తిప్పండి. మండుతున్న డబ్బాను ఎత్తకండి, ఒంటి మీద ఒలుకుతుంది. దూకాల్సి వస్తే గాలి వచ్చే వైపు దూకండి. నీళ్ల మీద తేలే పెట్రోలు అవతలి వైపు మండుతూ పోతుంది. 2018 మే నెలలో పాపికొండలకు వెళ్తున్న పర్యాటక బోటు దేవీపట్నం దగ్గర అంటుకున్నప్పుడు ప్రయాణికులు బతికి బయటపడింది ఒడ్డు చేరగలిగారు కాబట్టే. లైఫ్ జాకెట్టు సీటు కింద మడిచి ఉంటే ఆ క్షణంలో పనికిరాదు. ఫోను అందితే ఒడ్డున 112, సముద్రంలో అయితే కోస్ట్ గార్డు 1554.

బోటు యజమానులకు ఒక మాట. వాసన వస్తోందని స్టార్ట్ చేయనన్న డ్రైవరు ఆ ట్రిప్పు డబ్బులు పోగొడతాడు, నిజమే. ఆ రోజు అతని కూలి కోయకండి, అందరి ముందూ కసరకండి. ఒకసారి కోశారంటే రేపు మీ డ్రైవరు వాసన వచ్చినా చెప్పడు. కొత్త పైపు, రెండు ఓరింగులు ఈ వారమే తెప్పించి అతని చేతికివ్వండి.